తొలిరోజు సూది: చంటిబిడ్డకు విటమిన్ కె ఎందుకు?

ఏ జబ్బూ లేకుండా, మంచి బరువుతో, గట్టిగా ఏడుస్తూ పుట్టిన బిడ్డకు ఆ పూటే తొడకు సూది వేయడం ఎందుకు? కాన్పు గది బయట కూర్చున్న అమ్మమ్మలు, నాయనమ్మలు తరచు అడిగే ప్రశ్న ఇది. టీకా కాబోలు అనుకుని ఊరుకునేవారూ ఉంటారు. అది టీకా కాదు, ఏ క్రిమి మీదా పనిచేయదు. ఆ సూదిలో ఉండేది విటమిన్ కె, అదీ ఒకే ఒక్క మిల్లీగ్రాము. ఆ కాస్త మందు పడకపోయినా చాలామంది పిల్లలు ఏ ఇబ్బందీ లేకుండా పెరిగిపోతారు. కొద్దిమందికి మాత్రం బొడ్డు నుంచో, పేగుల్లోనో నెత్తురు కారుతుంది. ఇంకొందరికి మెదడులోనే కారి ప్రాణం మీదికి వస్తుంది. ఆ కొద్దిమంది ఎవరో పుట్టిన రోజున చూసి చెప్పడం సాధ్యం కాదు. అందుకే ప్రతి బిడ్డకూ వేస్తారు.

నెత్తురు గడ్డకట్టేది ఎలా?

చర్మం తెగగానే ప్లేట్‌లెట్లు అనే సూక్ష్మకణాలు గాయం దగ్గర గుమిగూడి అడ్డుకట్ట వేస్తాయి. ఆ కట్ట ఎక్కువసేపు నిలవదు. దాన్ని గట్టిపరిచేవి రక్తంలో కరిగి తిరుగుతుండే కొన్ని ప్రోటీన్లు. వీటిని గడ్డకట్టే కారకాలు అనవచ్చు. ఒకటి ఇంకొకదాన్ని మేల్కొలుపుతూ పోయి, చివరకు ఫైబ్రిన్ అనే సన్నని పోగులతో వల అల్లుతాయి. రక్తకణాలు ఆ వలలో చిక్కుకుంటే గడ్డ గట్టిపడుతుంది. వైద్యులు ఈ కారకాలకు నంబర్లు ఇచ్చారు. కాలేయంలో తయారయ్యే రెండు, ఏడు, తొమ్మిది, పది నంబర్ల కారకాలు విటమిన్ కె లేనిదే పనికి రావు.

విటమిన్ కె లేకపోతే కాలేయం ఈ ప్రోటీన్లను తయారుచేయడం మానేస్తుందా అంటే, మానదు. తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. కాకపోతే అవి కాడ లేని బొక్కెనలు. బొక్కెన ఎంత గట్టిదైనా చేంతాడు ముడివేయడానికి కాడ లేకపోతే బావిలోంచి చుక్క నీరు రాదు. ఇక్కడ చేంతాడు పని చేసేది కాల్షియం, కాడను బిగించేది విటమిన్ కె. ప్రోటీన్ ఒక కొసన ఉండే గ్లుటామిక్ ఆమ్లపు భాగాలకు కార్బన్ డయాక్సైడ్‌ను అతికించడమే ఆ బిగింపు. అలా అతికినప్పుడే కారకం కాల్షియాన్ని పట్టుకుంటుంది, కాల్షియం ఊతంతో గాయం దగ్గరి కణాల పొరను అంటుకుని పని మొదలుపెడుతుంది. ఈ అతుకు రహస్యం 1974లో గాని బయటపడలేదు. విటమిన్ కె కొరత ఉన్న బిడ్డ రక్తంలో ఈ కాడ లేని బొక్కెనలే పోగుపడి ఉంటాయి. వాటిని కొలిచే పరీక్ష కూడా ఉంది. గుండె కవాటం మార్పించుకున్నవారు వేసుకునే వార్ఫరిన్ మాత్ర పనిచేసేదీ ఈ చోటే. ఒకసారి వాడిన విటమిన్ కె మళ్లీ వాడుకకు రాకుండా అది అడ్డుపడుతుంది. అందువల్ల వారి రక్తం త్వరగా గడ్డకట్టదు.

ఈ విటమిన్ సంగతి లోకానికి తెలిసింది కోడిపిల్లల పుణ్యమా అని. 1929లో కోపెన్‌హాగన్‌లో హెన్రిక్ డామ్ అనే శాస్త్రజ్ఞుడు కొలెస్టరాల్ మీద పరిశోధన చేస్తూ కోడిపిల్లలకు కొవ్వు తీసేసిన మేత పెట్టాడు. కొన్ని వారాలకు వాటి చర్మం కింద, కండరాల్లో నెత్తురు కారింది. వాటి రక్తం గడ్డకట్టడానికి చాలాసేపు పట్టింది. అప్పటికి తెలిసిన విటమిన్లేవీ గుణం ఇవ్వలేదు. ఆకుకూరల్లోనూ, పంది కాలేయంలోనూ ఉన్న ఏదో పదార్థం మాత్రం ఆ జబ్బును రానివ్వలేదు. 1935లో డామ్ దానికి విటమిన్ కె అని పేరు పెట్టాడు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎడ్వర్డ్ డాయిసీ బృందం 1939లో దాన్ని శుద్ధిచేసి, రసాయన నిర్మాణం తేల్చింది. వైద్యశాస్త్రంలో 1943 సంవత్సరపు నోబెల్ బహుమతిని ఈ ఇద్దరూ పంచుకున్నారు.

పుట్టుకతోనే కొరత

తొమ్మిది నెలలూ తల్లి రక్తం నుంచి చక్కెర, ఇనుము, కాల్షియం అన్నీ బిడ్డకు అందించే మాయ, విటమిన్ కె విషయంలో మాత్రం పిసినారి. బొడ్డుతాడు రక్తంలో ఉండే విటమిన్ కె, తల్లి రక్తంలో ఉన్నదానితో పోలిస్తే దాదాపు ముప్పయ్యో వంతు. తల్లి ఎంత బాగా తిన్నా, ఎంత ఆరోగ్యంగా ఉన్నా ఇంతే. దానికితోడు నవజాత శిశువు కాలేయం ఇంకా పూర్తిగా పనికి అందిరాలేదు. విటమిన్ కె మీద ఆధారపడే ఆ నాలుగు కారకాలూ పెద్దవారి రక్తంలో ఉండేదానిలో సుమారు సగమే ఉంటాయి. ఇది ప్రతి బిడ్డలోనూ సహజంగా ఉండే స్థితి. దీనికి తల్లిని తప్పుపట్టవలసిన పని లేదు.

పెద్దవారి పేగుల్లో ఉండే కొన్ని బాక్టీరియాలు కూడా ఒక రకం విటమిన్ కె తయారుచేస్తాయి. అప్పుడే పుట్టిన బిడ్డ పేగుల్లో ఆ సేన ఇంకా కుదురుకోలేదు. తల్లిపాలు తాగే పిల్లల పేగుల్లో మొదట స్థిరపడే మంచి బాక్టీరియాలు విటమిన్ కె తయారీలో అంత చురుకైనవి కావు.

ఇక తల్లిపాలు. లీటరు తల్లిపాలలో ఉండే విటమిన్ కె 1 నుంచి 4 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. నెల బిడ్డ రోజంతా తాగే పాలు లీటరు కూడా ఉండవు. డబ్బాపాలకు తయారీలోనే విటమిన్ కె కలుపుతారు కాబట్టి లీటరుకు సుమారు 50 మైక్రోగ్రాములు ఉంటుంది. ఈ లెక్క చూపించి డబ్బాపాలే మేలని చెప్పేవారు తల్లికీ బిడ్డకూ కీడు చేస్తున్నట్టే. విరేచనాల నుంచీ, న్యుమోనియా నుంచీ కాపాడే శక్తి తల్లిపాలకు ఉన్నట్టు మరే పాలకూ లేదు. లోటు ఒక్క విటమిన్ కె విషయంలోనే, ఆ లోటు ఒక్క సూదితో తీరుతుంది. సూది వేయించి, ఆరు నెలలూ తల్లిపాలే పట్టడం సరైన పద్ధతి.

బాలింత తోటకూర, పాలకూర, మునగాకు బాగా తింటే పాలలో విటమిన్ కె పెరగదా అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఆకుకూరల్లో విటమిన్ కె దండిగా ఉన్నమాట నిజమే. పథ్యం పేరుతో బాలింత చేత ఆకుకూరలు మాన్పించడం మంచిది కాదన్నదీ నిజమే. కానీ రోజువారీ భోజనంలో తినే ఆకుకూర వల్ల పాలలోకి దిగేది, బిడ్డ కొరత తీర్చేంత ఉండదు. అది సూదికి బదులు కాదు.

నెత్తురు కారే మూడు వేళలు

బోస్టన్ వైద్యుడు చార్లెస్ టౌన్సెండ్ 1894లోనే, పుట్టిన కొద్ది రోజులకు నెత్తురు కారిన 50 మంది శిశువుల గురించి రాశాడు. అప్పటికి కారణం తెలియదు. దాన్ని నవజాత శిశువుల రక్తస్రావ వ్యాధి అన్నారు. కారణం విటమిన్ కె కొరత అని తేలాక, ఇప్పుడు విటమిన్ కె లోపపు రక్తస్రావం అనే అంటున్నారు. వచ్చే వేళను బట్టి దాన్ని మూడు రకాలుగా చూస్తారు.

మొదటిది పుట్టిన 24 గంటల లోపు వచ్చేది. ఇది ఎక్కువగా తల్లి గర్భిణిగా ఉండగా వాడిన మందుల వల్ల వస్తుంది. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, కార్బమజెపిన్, క్షయకు వాడే రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, ఇంకా వార్ఫరిన్ ఇందుకు పేరుపడ్డవి. క్షయ ఇప్పటికీ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ సంగతి గుర్తుంచుకోదగ్గది. ఈ మందులు వాడే గర్భిణి భయపడి తనంతట తానే మానేస్తే అంతకంటే పెద్ద ప్రమాదం. మందుల చీటీని కాన్పు చేసే డాక్టరుకు ముందే చూపిస్తే చాలు, తగిన జాగ్రత్త వారు తీసుకుంటారు.

రెండోది రెండో రోజు నుంచి వారం లోపు కనిపించేది. బొడ్డు ఊడేచోట నెత్తురు ఊరుతూ ఉంటుంది, విరేచనం తారులా నల్లగా వస్తుంది, రక్త పరీక్షకు సూది గుచ్చినచోట కారడం ఆగదు, సున్తీ చేసిన గాయం తడిగానే ఉంటుంది. సూది వేయని కాలంలో ప్రతి వెయ్యి మంది శిశువుల్లో ఇద్దరు ముగ్గురి నుంచి, కొన్నిచోట్ల పదిహేను మంది దాకా ఇలా జరిగేదని అంచనా. పాలు పట్టడం ఆలస్యమైన పిల్లల్లో మరీ ఎక్కువ.

అన్నిటికంటే భయంకరమైనది మూడోది. అది మొదటి వారం దాటాక మొదలై ఆరు నెలల లోపు ఎప్పుడైనా రావచ్చు. మూడు నుంచి ఎనిమిది వారాల వయసులో ఎక్కువగా వస్తుంది. అప్పటికి తల్లీబిడ్డా ఆసుపత్రి నుంచి ఇంటికి చేరి చాలాకాలం అవుతుంది. బారసాల కూడా అయిపోయి ఉంటుంది. బిడ్డ తల్లిపాలు కడుపునిండా తాగుతోంది, బరువు పెరుగుతోంది. ఒకరోజు ముక్కులోంచి చుక్క నెత్తురు కనిపిస్తుంది. లేదా వీపు మీద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ, ఎక్కడా తగలకుండానే. ముక్కు తుడిస్తే ఆగిపోతుంది. గోరు గీరుకుందేమోనని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కొద్ది రోజుల తర్వాత బిడ్డ రొమ్ము పట్టదు. వాంతులు, మగత, సన్నని మూలుగు, ఆపైన ఫిట్స్. ముఖం పాలిపోతుంది, నడినెత్తిన మాడు ఉబ్బి బిగిసి ఉంటుంది. అంటే మెదడులో నెత్తురు కారుతోంది. ఆ వేళ దిష్టి తీస్తూ, తాయెత్తు కడుతూ గడిపే ప్రతి గంటా బిడ్డకు నష్టమే.

ఈ రకంలో దాదాపు సగం మందికి నెత్తురు కారేది మెదడులోనే. విటమిన్ కె లోపపు రక్తస్రావం వచ్చిన పిల్లల్లో ప్రతి అయిదుగురిలో ఒకరు చనిపోతారని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. బతికినవారిలోనూ చాలామందికి ఫిట్సో, కాలు చేయి పడిపోవడమో, బుద్ధి ఎదగకపోవడమో మిగులుతుంది. ఆ మొదటి ముక్కు చుక్కను, ఆ మొదటి మచ్చను వైద్యులు హెచ్చరిక రక్తస్రావం అంటారు. దాన్ని గుర్తించి వెంటనే ఆసుపత్రికి చేర్చిన బిడ్డకు మెదడు దాకా రాకుండా ఆపే అవకాశం ఉంటుంది. హెచ్చరిక లేకుండానే మెదడులో కారే పిల్లలూ ఉన్నారు. కాబట్టి గుర్తుపట్టడాన్ని నమ్ముకుని సూదిని వదులుకోవడం తెలివైన పని కాదు.

సూది వెనకటి చరిత్ర

విటమిన్ కె చేతికందిన కొద్ది సంవత్సరాలకే దాన్ని శిశువులకు ఇచ్చి చూశారు. స్వీడన్‌లో యోర్గెన్ లేమన్ 13,000 మందికి పైగా నవజాత శిశువులకు ఇచ్చి, మొదటి వారంలో నెత్తురు కారి చనిపోయేవారు సుమారు అయిదో వంతుకు తగ్గారని 1944లో ప్రకటించాడు. ఆ తర్వాత ఒక తప్పటడుగు పడింది. నీళ్లలో కరిగే కృత్రిమ విటమిన్ కె అప్పట్లో సులువుగా దొరికేది. ఎక్కువిస్తే ఎక్కువ మేలనుకుని నెలలు నిండని పిల్లలకు పెద్ద మోతాదుల్లో ఇచ్చారు. దానివల్ల ఎర్రకణాలు చితికి, కామెర్లు ముదిరి, కొందరికి మెదడు దెబ్బతింది. 1950ల్లో ఈ సంగతి తెలిసి, ఆ మందును శిశువులకు వాడటం మానేశారు. దాని స్థానంలో వచ్చింది ఆకుకూరల్లో సహజంగా ఉండే రకం, ఫైటోమెనడయోన్. ఇప్పుడు వేసేది ఇదే. 1961లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ పుట్టిన ప్రతి బిడ్డకూ దీన్ని వేయాలని సిఫారసు చేసింది.

అయినా అన్ని దేశాలూ ఒక్కసారిగా ఒప్పుకోలేదు. మొదటి వారంలో వచ్చే రక్తస్రావం అరుదైపోతే ఇక సూది ఎందుకన్న మాట చాలాచోట్ల వినిపించింది. నెల దాటాక వచ్చే రకం ఎంత ప్రమాదకరమో ఆసియా వైద్యులు ముందుగా ఎలుగెత్తి చెప్పారు. 1977లో థాయ్‌లాండ్ వైద్యులు ఇలాంటి 93 మంది శిశువుల వివరాలు ప్రచురించారు. వారిలో ఎక్కువమంది తల్లిపాలు తాగే పిల్లలే.

1990ల మొదట్లో పెద్ద అలజడి రేగింది. బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో జీన్ గోల్డింగ్ బృందం, కండరానికి వేసిన విటమిన్ కె సూదికీ పిల్లల్లో కాన్సర్‌కూ సంబంధం ఉన్నట్టుందని 1992లో ప్రకటించింది. తల్లిదండ్రులు హడలిపోయారు. చాలా ఆసుపత్రులు సూది మాని నోటి చుక్కలకు మళ్లాయి. అనుమానం వచ్చినప్పుడు పరిశీలించవలసిందే, పరిశీలించారు కూడా. స్వీడన్‌లో 13 లక్షల మంది పిల్లల రికార్డులు చూస్తే అలాంటి సంబంధమేదీ కనబడలేదు. తర్వాత వేర్వేరు దేశాల్లో జరిగిన అధ్యయనాలదీ అదే మాట. సూదికి కాన్సర్‌తో సంబంధం లేదని తేలిపోయింది.

తేలినా భయం మాత్రం పూర్తిగా పోలేదు. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో 2013 ఫిబ్రవరి, సెప్టెంబరు నెలల మధ్య నలుగురు శిశువులు ఆలస్యంగా వచ్చే రక్తస్రావంతో ఆసుపత్రి పాలయ్యారు. ముగ్గురికి మెదడులో, ఒకరికి పేగుల్లో. నలుగురికీ పుట్టినప్పుడు సూది పడలేదు, తల్లిదండ్రులు వద్దన్నారు. ఆరా తీస్తే కొందరు రక్త కాన్సర్ భయం చెప్పారు, కొందరు అనవసరమనుకున్నామన్నారు. వారెవరూ బిడ్డ మీద ప్రేమ లేనివారు కారు. ఇరవై ఏళ్ల కిందటి అనుమానం వారి చెవిన పడింది, దానికి దొరికిన జవాబు మాత్రం చేరలేదు. సూది వేయని బిడ్డకు ఈ ఆలస్యపు రక్తస్రావం వచ్చే ముప్పు, వేసిన బిడ్డ కంటే 81 రెట్లు ఎక్కువని అప్పుడు మరోసారి లెక్కలు చెప్పవలసి వచ్చింది.

నోటి చుక్కలు చాలవా?

సూది గుచ్చితే బిడ్డ ఏడుస్తుంది. నోట్లో నాలుగు చుక్కలు వేస్తే పోదా అన్నది న్యాయమైన ప్రశ్నే. చుక్కలు కొంతవరకు పనిచేస్తాయి. కానీ ఒక్కసారి వేసిన చుక్కలు మొదటి వారపు ముప్పును తప్పిస్తాయే గాని, నెల తర్వాత వచ్చేదాన్ని గట్టిగా ఆపలేవు. డెన్మార్క్‌లో కొంతకాలం పుట్టగానే 2 మిల్లీగ్రాములు, తర్వాత మూడు నెలల పాటు వారం వారం 1 మిల్లీగ్రాము చొప్పున ఇచ్చి మంచి ఫలితాలే సాధించారు. పన్నెండు వారాలు ఒక్క వారం కూడా తప్పకుండా వేయడం ప్రతి ఇంట్లో సాధ్యమా అన్నది వేరే సంగతి.

అసలు చిక్కు పైత్యరసంతో. విటమిన్ కె కొవ్వులో కరిగేది. పేగుల్లోంచి అది ఒంటికి పట్టాలంటే కాలేయం నుంచి వచ్చే పైత్యరసం కావాలి. కొందరు పిల్లలకు పుట్టినప్పటి నుంచీ పైత్యనాళాలు మూసుకుపోయి ఉంటాయి. మొదటి వారాల్లో వారు చూడ్డానికి అందరిలాగే ఉంటారు. నోట్లో వేసిన విటమిన్ కె వారికి ఒంటబట్టదు. నెదర్లాండ్స్‌లో తల్లిపాలు తాగే పిల్లలకు రోజూ 25 మైక్రోగ్రాములు నోటి ద్వారా ఇచ్చే పద్ధతి ఉండేది. పైత్యనాళాలు మూసుకుపోయిన పిల్లల్లో, ఆ పద్ధతిలో ఉన్నవారికి అయిదుగురిలో నలుగురికి పైగా నెత్తురు కారినట్టు తేలింది. 2011లో మోతాదు 150 మైక్రోగ్రాములకు పెంచారు, అయినా వారికి ఫలితం లేకపోయింది. చివరకు 2017లో ఆ దేశపు ఆరోగ్య మండలి సూదే వేయాలని సలహా ఇచ్చింది.

తొడ కండరంలో పడిన మందుకు పైత్యరసంతో పని లేదు. అది అక్కడే నిలవ ఉండి, వారాల తరబడి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. తల్లిపాల నుంచి వచ్చే ఒకటి రెండు మైక్రోగ్రాములకు ఆ వెయ్యి మైక్రోగ్రాముల నిలవ తోడవుతుంది. ఇంట్లో ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

కాన్పు రోజున, ఆ తర్వాత

పుట్టగానే బిడ్డను తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టి, ముర్రుపాలు పట్టించాలి. ఆ మొదటి గంట గడిచాక సూది వేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన దేశంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. కాన్పులు జరిగే ప్రతిచోటా, ఉపకేంద్రంతో సహా, బిడ్డకు విటమిన్ కె వేయాలి. బరువు 1,000 గ్రాములకు తగ్గకపోతే 1 మిల్లీగ్రాము, తగ్గితే అర మిల్లీగ్రాము. స్టాఫ్ నర్సు గాని, ఏఎన్ఎం గాని సన్నని సూదితో, ఒక మిల్లీలీటరు సిరంజితో తొడ ముందువైపు బయటి పక్కన కండరంలోకి వేస్తారు. విటమిన్ కె ఆంప్యూళ్లు రకరకాల గాఢతల్లో దొరుకుతాయి. పెద్దవారి ఆంప్యూలు చేతికి వచ్చి పొరబాటు జరగకుండా మందు తీసేముందు దాని మీది అంకె చదవడం తప్పనిసరి. అదే రోజు వేసే హెపటైటిస్ బి టీకాను రెండో తొడకు వేస్తారు. సూది వేసేటప్పుడు బిడ్డ రొమ్ము పట్టి ఉంటే ఏడుపు తక్కువ. వేసినచోట కాస్త ఎర్రబడటం, చిన్న గడ్డలా తగలడం ఉండవచ్చు, రెండు మూడు రోజుల్లో పోతుంది. ప్రమాదకరమైన ప్రతిచర్య అత్యంత అరుదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి బయల్దేరేటప్పుడు డిశ్చార్జి కాగితంలోనో, తల్లీబిడ్డల కార్డులోనో విటమిన్ కె వేసినట్టు రాసి ఉందేమో చూసుకోవాలి. లేకపోతే అడగాలి. వేయలేదంటే అప్పుడే వేయించాలి. సున్తీ గాని, ఏదైనా ఆపరేషన్ గాని ఉంటే ఈ సంగతి ముందే చెప్పాలి.

సూది పడిన బిడ్డ విషయంలోనూ ఒకటి గమనించాలి. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గకపోతే, విరేచనం సున్నం రంగులో తెల్లగా వస్తుంటే, మూత్రం గుడ్డకు పచ్చని మరక అంటుతుంటే పైత్యనాళాలు మూసుకుపోయాయేమో పరీక్ష చేయించాలి. అలాంటి పిల్లలకు ఒక్క సూది చాలదు. డాక్టర్లు మళ్లీ మళ్లీ విటమిన్ కె ఇస్తారు. నాళాల ఆపరేషన్ ఎంత త్వరగా జరిగితే అంత ఫలితం.

నెత్తురు కారడం మొదలైన బిడ్డకు రక్తం గడ్డకట్టే సమయం చూస్తారు. ప్లేట్‌లెట్లు సరిపడా ఉండి, గడ్డకట్టే సమయం బాగా పెరిగి ఉంటే విటమిన్ కె కొరతను అనుమానిస్తారు. అప్పుడు విటమిన్ కె నెమ్మదిగా నరంలోకి ఎక్కిస్తారు. కొద్ది గంటల్లో కాలేయం పనికొచ్చే కారకాలను విడుదల చేయడం మొదలుపెడుతుంది. అంతవరకు ఆగే వీలు లేకపోతే ప్లాస్మా ఎక్కిస్తారు. బొడ్డు నుంచి, పేగుల నుంచి కారే నెత్తురు దీంతో ఆగిపోతుంది. మెదడులో అప్పటికే జరిగిన నష్టాన్ని మాత్రం ఏ మందూ వెనక్కి తేలేదు.

ఇంట్లో కాన్పు అయిన బిడ్డకు, 108 వాహనంలోనే పుట్టిన బిడ్డకు ఈ సూది తప్పిపోయే అవకాశం ఎక్కువ. పుట్టిన రోజు దాటిపోయిందని వదిలేయకూడదు. ఆసుపత్రికి గాని, ఆరోగ్య కేంద్రానికి గాని చేరిన వెంటనే సూది పడలేదని చెప్పి వేయించాలి. ఆరు నెలలు నిండి పప్పన్నం, ఆకుకూర మొదలుపెట్టే నాటికి పేగుల్లో బాక్టీరియా కుదురుకుంటుంది, తిండిలోంచే కావలసినంత విటమిన్ కె అందుతుంది. కాలేయం బాగున్న బిడ్డకు ఆ తర్వాత ఈ ముప్పు ఉండదు.